అత్త శనివారం

పొద్దున్న ఐదున్నరకి పెద్దన్నయ్య నర్సరీ గేటు గొళ్ళెం తీస్తాడు. ఆ చప్పుడుతో ఇల్లు లేస్తుంది. ఇంట్లో పద్నాలుగు మంది, బాత్రూములు రెండు, అద్దం ఒక్కటి. కాలేజీ కుర్రాడు అద్దం ముందు పాపిడి దిద్దుకుంటుంటే వెనకాల ముగ్గురు ఆడపిల్లలు సగం వేసిన జడలు పట్టుకుని నిలబడి తిడుతుంటారు. ఏ సాక్సు ఎవరిదో, ఏ డబ్బాలో ఏం పెట్టాలో, చిన్నాడి దగ్గు మందు ఏ అరలో ఉందో ఇంటిల్లిపాదిలో తెలిసింది ఒక్క మనిషికే. ఆమెని పిల్లలందరూ అత్త అంటారు. వినీ వినీ పెద్దవాళ్ళకీ అదే నోట్లో నానిపోయింది. ఇప్పుడు కన్నతల్లి కూడా "అత్తని పిలవండ్రా" అంటుంది.

ఇంటి వెనకే నర్సరీ. ఏడాది పొడవునా ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు గానీ అసలు పని వసంతంలో ఒక్క వారం. చలి తగ్గి, ఎండ ముదరకముందు మొక్కల లోపల రసం పైకెక్కుతుంది. పళ్ళ మొక్కలకి అంట్లు కట్టాల్సింది అప్పుడే. మంచి జాతి కొమ్మ కోసుకొచ్చి, వేళ్ళున్న నాటు మొక్క తల నరికి, రెంటికీ ఏటవాలుగా కోత పెట్టి, బెరడుకి బెరడు ఆనేలా కలిపి టేపు చుట్టాలి. ముందు కడితే పట్టదు, వారం దాటితే చిగురు పనికిరాదు. ఆ ఊళ్ళో తోటలున్న వాళ్ళంతా పెద్దన్నయ్య చేతి అంటు కావాలని అడిగి మరీ తీసుకెళ్తారు. కట్టాల్సినవి మూడు వేలు, వారానికి ఉన్నవి ఏడు రోజులే. అందుకని ఆ ఇంట్లో రోజులు ఇచ్చిపుచ్చుకుంటారు.

ఇచ్చిపుచ్చుకుంటారు అనడం మర్యాదకి. ఇచ్చేది అత్త, పుచ్చుకునేది మిగతావాళ్ళు.

ముందు రోజు సాయంత్రం ఇచ్చే మనిషి అరచెయ్యి పుచ్చుకునే మనిషి అరచేతిలో పెట్టి రోజు పేరు చెబితే సరిపోతుంది. ఆదివారం పడుకున్న అత్త మంగళవారం లేస్తుంది. సోమవారం ఆమె మంచం మీద మడతపెట్టిన దుప్పటి తప్ప ఏమీ ఉండదు. ఆ సోమవారం తీసుకున్నవాళ్ళకి పొద్దు రెండింతలు సాగుతుంది. రెండు రోజుల పని చేస్తారు, రెండు రోజుల ఆకలి వేస్తుంది, రెండు రోజుల వయసు మీద పడుతుంది. ఇచ్చే మనిషి నిద్రలో ఉంటే కన్నతల్లి ఆ చెయ్యి పట్టి పెట్టి రోజు పేరు చెప్పినా చెల్లుతుంది. అత్త చిన్నప్పుడు అలాగే జరిగేది. పెద్దయ్యాక ఆ అవసరం రాలేదు, ఆమె ఏనాడూ కాదనలేదు గనక.

మొదట తీసుకున్నది నాన్న. ఆమెకి అప్పుడు ఆరేళ్ళు. "చిన్నపిల్లవి, నీకేం పనుంది?" అని గురువారం అడిగాడు. తన దగ్గర నాన్నకి కావలసింది ఒకటుందని మురిసిపోయి ఇచ్చేసింది. ఆ గురువారం బడిలో పిల్లలందరినీ మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీశారు. ఆ ఫోటోలో ఆమె లేదు. నాన్న నలభై తొమ్మిదో ఏట ముసలితనంతో పోయాడు. ఆయన కత్తి, ఆయన స్టూలు, అత్త రోజులు పెద్దన్నయ్యకి వచ్చాయి.

పెద్దన్నయ్యకి ఇప్పుడు నలభై నాలుగు. తల ముగ్గుబుట్ట అయింది. అత్తకి వచ్చే నెలతో నలభై నిండుతాయి, చూసినవాళ్ళు ముప్ఫై అన్నా నమ్మరు. ఒకసారి ఇద్దరూ కలిసి మొక్కల సంచులు కొనడానికి వెళ్తే కొట్టాయన "మీ అమ్మాయిని కూర్చోమనండి" అన్నాడు. పెద్దన్నయ్య ఏమీ అనుకోలేదు. కూర్చోమన్నాడు.

మూడేళ్ళుగా ఆయన చెయ్యి వణుకుతోంది. వణికే చేత్తో రోజుకి కట్టే అంట్లు తగ్గాయి, తగ్గినకొద్దీ ఇంకో రోజు కావలసి వచ్చింది, ఇంకో రోజు తీసుకుంటే చెయ్యి ఇంకాస్త వణికింది. అత్తకి కత్తి పట్టడం వచ్చు. నాన్న పక్కన గోనె మీద కూర్చుని నేర్చుకుంది. అన్నయ్య మూడు కట్టే లోపల ఆమె ఐదు కడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆమె లేని రోజు పిల్లలు ఒకరి డబ్బా ఒకరు పట్టుకుపోతారు, దానికి సర్దుకుపోతారు. ఆమె ఇంట్లో ఉండి కూడా అంట్లు కట్టే షెడ్డులో కూర్చోవడం మాత్రం ఎవరికీ మింగుడు పడదు. వీళ్ళకి నా రోజులు కావాలి, నా చెయ్యి అక్కర్లేదు అని ఒకసారి గిన్నెలు తోముతూ అనుకుంది. అనుకున్నాక రెండు రోజులపాటు ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

బస్సులో నాలుగు గంటల దూరంలో ఒక పెద్ద తోట ఉంది. అక్కడ అంట్లు కట్టేవాళ్ళు కావాలన్నారు. శనివారం పది గంటలకి పరీక్ష, కత్తి ఇచ్చి గంటసేపు కట్టించి చూస్తారు. పనితో పాటు ఒక గది ఇస్తారు. లోపలి నుంచి గడియ పెట్టుకునే గది. అలాంటిది ఆమెకి పుట్టినప్పటి నుంచీ లేదు. నలభై నిండినవాళ్ళని మాత్రం తీసుకోరు.

నెల కిందటే, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు చెప్పింది. "ఆ వారం ఏ రోజైనా అడగండి. శనివారం మాత్రం నాది."

"వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు పెద్దన్నయ్య.

"అక్కడ మీరు డబ్బాలు ఎవరికి సర్దుతారో వదినా," అని చిన్న తమ్ముడి భార్య నవ్వింది. అత్త కూడా నవ్వేసింది.

ఆ వారం రానే వచ్చింది. ఆదివారం సాయంత్రం పెద్దన్నయ్య సోమవారం అడిగాడు, ఇచ్చింది. మంగళవారం లేచేసరికి రెండు రోజుల గిన్నెలు ఆమె కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాయి. మంగళవారం సాయంత్రం ఆ తమ్ముడి భార్యే బుధవారం అడిగింది. తన కవల పిల్లలకి జ్వరం, ఆఫీసులో సెలవివ్వలేదు. అదీ ఇచ్చింది. గురువారం లేస్తే కవలలు జ్వరం తగ్గి, "నిన్నంతా నిన్నే పిలిచాం, ఎక్కడికి పోయావ్?" అని అలిగి కూర్చున్నారు. ఆ సాయంత్రం చిన్న తమ్ముడు శుక్రవారం అడిగితే, అత్త చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"రేపు నాకు పనుంది," అంది.

"అబ్బో, ఇప్పట్నుంచే ఆఫీసరమ్మ పోజు," అన్నాడు వాడు.

శుక్రవారం పగలంతా ఆమెదే. చీర ఇస్త్రీ చేసుకుంది. కత్తి నూరింది. పారేసిన పుల్లలు ఏరుకుని పెరటి మెట్టు మీద కూర్చుని ఇరవై అంట్లు కట్టి చూసుకుంది. పెద్దన్నయ్య ఆఖరి కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, పక్కన చేరి టేపు చుట్ట పట్టుకుంది.

"అత్తా, నువ్వు వెళ్ళిపోతే మళ్ళీ రావా?"

"సెలవులకి వస్తాను."

"మరి నీ రోజులు?"

"నాతో తీసుకుపోతాను," అంది అత్త. ఆ మాట పైకి అన్నాక గుండె ఎంత తేలికైందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

తెల్లవారి ఐదింటికి బస్సు. టికెట్టు దిండు కింద పెట్టుకుని, పొద్దు గుంకగానే పడుకుంది. షెడ్డులో పెద్దన్నయ్య దగ్గు వినిపిస్తోంది. ఆ వారం చాకిరీ అలసట, ఇట్టే నిద్ర పట్టేసింది. చెయ్యి మంచం మీద నుంచి కిందకి జారింది. అరచెయ్యి తెరుచుకునే ఉంది.

లేచేసరికి కిటికీలో ఎండ. ఉలిక్కిపడి ముందు గదిలోకి వచ్చింది. అద్దం ముందు ఎవరూ లేరు. పిల్లలు చింపిరి జుట్లతో నేల మీద పడుకుని బొమ్మలు గీసుకుంటున్నారు. ఆ ఇంట్లో అద్దం ఖాళీగా ఉండేది ఆదివారం ఒక్కరోజే.

అమ్మ వంటింట్లో ఉంది. కూతురిని చూసి గరిటె తిప్పడం ఆపలేదు.

"ఎవరమ్మా?" అంది అత్త.

"నేనే. నీ చెయ్యి వాడి చేతిలో పెట్టి నేనే చెప్పాను. ఆరు వందలు మిగిలిపోయాయట, చిగురు ముదిరిపోతోందని వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. చూడలేకపోయానే."

"నా పరీక్షమ్మా."

"మళ్ళీ పెట్టరా ఏంటి?"

"పెడతారు. వచ్చే నెలకి నాకు నలభై."

అమ్మ అప్పుడు తిరిగి ఆమె మొహంలోకి చూసింది. ఎక్కడా ఒక్క ముడత లేదు. "నిన్ను చూస్తే నలభై అని ఎవరంటారే," అంది. ఓదార్చాననే అనుకుంది పాపం.

అత్త పెరటి తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ముప్ఫై మూడేళ్ళలో ఎవరినీ అడగని మాట అన్నయ్యని అడగాలనుకుంది. నా శనివారం ఎందుకు తీసుకున్నావు? పెరడు దాటేవరకూ ఆ మాటే నోట్లో పెట్టుకుని నడిచింది. షెడ్డు తలుపు తీసే ఉంది. రాత్రి భోజనానికీ రాలేదని, పని మీదున్నాడని ఎవరూ పిలవలేదని తర్వాత తెలిసింది.

పెద్దన్నయ్య స్టూలు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ళుగా తీసుకున్న రోజులన్నీ ఒక్కసారే మీద పడ్డట్టు ఒక్క పగట్లో జుట్టంతా రాలిపోయింది. చర్మం ఎముకలకి అంటుకుపోయి, నాన్న ఆఖర్న ఎలా ఉండేవాడో అంతకన్నా ముసలివాడై ఉన్నాడు. ఒళ్ళు చల్లబడింది. ఒళ్ళో ఒక మొక్క, దానికి టేపు సగమే చుట్టి ఉంది. అత్త చెయ్యి దానంతట అదే వెళ్ళి మిగతా సగం చుట్టి ముడి వేసింది. ఆ తర్వాత గానీ ఏడుపు రాలేదు. తిట్టడానికి వచ్చింది, తిట్టించుకునేవాడు లేడు. ఆయన మీద కోపం ఇక జన్మంతా ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

డాక్టరు వచ్చి చూశాడు. "వయసు?" అన్నాడు. "నలభై నాలుగు," అంది వదిన. డాక్టరు తల ఎత్తకుండా నలభై నాలుగు అని రాసి, దాని కింద కారణం దగ్గర ముసలితనం అని రాశాడు. సాయంత్రానికల్లా తీసుకెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్న చిన్న తమ్ముడే అన్నాడు, "అక్కా, మొక్కలు మన కోసం ఆగవు. నువ్వు కూర్చో" అని. అత్త పెద్దన్నయ్య స్టూలు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా పలకరించడానికి వచ్చేపోయే జనం, లేవడం, కూర్చోవడం. అయినా చెయ్యి ఆగలేదు. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూసి, "ఇంత బాగా కడతావని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. అత్త ఇంకో మొక్క అందుకుంది. కావాలనుకున్న పనే దొరికింది, వద్దనుకున్న చోట. ఇంట్లో అందరికంటే ఎక్కువ రోజులు మిగిలింది తనకే, అవన్నీ ఈ షెడ్డులోనే గడుస్తాయని ఆమెకి ఆ పూట స్పష్టంగా తెలిసిపోయింది.

పొద్దు వాలేసరికి ఇంకా రెండు వందలు మిగిలాయి. కోసుకొచ్చిన కొమ్మల చిగుళ్ళు అప్పటికే వేలాడుతున్నాయి. అవి మంగళవారం మధ్యాహ్నం దాకా ఆగితే గొప్ప, ఆ లోపల అయ్యే పని కాదు. మంగళవారం రెండు రోజులైతే అవుతుంది.

అమ్మ ఆ ఎనిమిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. పిల్ల కళ్ళు పొడిగా ఉన్నాయి. నిన్నటి నుంచీ అది ఏడవలేదని వదిన భయపడుతోంది.

"మీ నాన్న మొక్కలమ్మా ఇవి," అంది అమ్మ. "అత్తకి నీ మంగళవారం ఇవ్వు. చిన్నపిల్లవి, నీకేం పనుంది?"

పిల్ల బుద్ధిగా అరచెయ్యి చాపింది.

అత్త ఆ చేతి వంక చాలాసేపు చూసింది. కాదనడం అంత తేలికేం కాలేదు. రెండు వందల మొక్కలు. తను కడితే రెండు వందలూ బతుకుతాయి. అన్నయ్య ప్రాణం మీదికి తెచ్చుకున్నది వాటి కోసమే. ఒక్క రోజేగా అనిపించింది. ఆమె చెయ్యి కొంచెం ముందుకి వెళ్ళింది కూడా. నాన్నకీ ఇలాగే ఒక్క రోజేగా అనిపించి ఉంటుంది.

కత్తి కింద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

"రేపు నువ్వేం చేస్తావు?" అని అడిగింది పిల్లని.

పిల్ల ఆలోచించింది. "తెలీదు."

"తెలీకపోయినా నీ దగ్గరే ఉంచుకో."

అత్త పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే మడిచి పిడికిలి చేసింది. అంటు టేపు తీసి ఆ పిడికిలి చుట్టూ నాలుగు చుట్లు, రక్తం ఆగకుండా, వదులు కాకుండా చుట్టి ముడి వేసింది. "పడుకున్నా ఇలాగే పడుకో. రోజూ నేనే కడతాను," అంది.

"అంత చిగురూ పాడైపోతుందే," అంది అమ్మ.

"పోనీ అమ్మా."

ఇరవై మాత్రం మంగళవారం కట్టింది. మిగతా చిగుళ్ళు బుధవారానికి నల్లబడితే తమ్ముడు గంపల్లో ఎత్తి గోడ అవతల పోశాడు. మంగళవారం పొద్దున్న పిల్ల లేచి వదినతో టేపు విప్పించుకుని, షెడ్డు మెట్టు మీదకి వచ్చి కూర్చుని, ఒక్కసారిగా నాన్నా అని ఏడవడం మొదలుపెట్టింది. పగలంతా ఏడ్చింది. అత్త లోపల కత్తి ఆపి ఆ ఏడుపు వింటూ కూర్చుంది. ఎవరొచ్చి ఊరుకోబెట్టబోయినా, "దాన్ని ఏడవనివ్వండి, ఆ రోజు దానిది," అంది.