ఉప్పు లేని గిన్నె

మా ఆయనకు అన్నీ వచ్చు, ఒక్క 'వద్దు' అనడం తప్ప. పెళ్ళయిన కొత్తలో ఇది మంచితనమనుకున్నాను. గుమ్మంలోకి వచ్చిన ఒక సేల్స్‌మన్‌ను వద్దనలేక కొన్న ఊడ్చే యంత్రం ఇప్పటికీ అటక మీదే ఉంది. అప్పుడప్పుడు దాని మీది దుమ్ము చీపురుతో దులుపుతుంటాను. ఇక భోజనాల దగ్గర ఆయన వైభవం చూడాలి. వడ్డించేవాళ్ళు వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు కానీ వేళ్ళు మాత్రం ఎడంగా ఉంచుతారు.

వద్దనలేని మనిషికి ఒకటే దారి. ఒంట్లో బాగోలేదనడం. "పొద్దున్నించీ కడుపులో అదోలా ఉందండీ" అంటే మనవాళ్ళెవరూ నమ్మరు. అన్నవాళ్ళు కూడా నమ్మించాలని అనరు. "ఒక్క ముద్దకి ఏం కాదులెండి" అని వాళ్ళంటారు, "మీరు ఇంతగా అంటుంటే" అని ఈయనంటారు, రెండో వాయి వడ్డన మొదలవుతుంది. లోకమంతా ఇదే పద్ధతి నడుస్తుందని ఆయన గట్టి నమ్మకం.

ఆయనది సీసాలకు మూతలు బిగించే యంత్రాల కంపెనీ. ఒక చలికాలం, పరాయి దేశంలో ఏదో పండ్లరసాల ఫ్యాక్టరీలో ఆ యంత్రాలు బిగించి, అక్కడివాళ్ళకు నేర్పి రమ్మని పంపించారు. భార్యను కూడా తీసుకెళ్ళవచ్చన్నారు. పిల్లలు హాస్టళ్ళలో ఉన్నారు కాబట్టి నాకు అడ్డమేమీ లేదు. పెట్టెలో చింతపండు, ఎండుమిరపకాయలు సర్దుతుంటే మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కడికెళ్ళి కూడా చారే కాస్తావా అక్కా? వాళ్ళు తినేవేవో తిని రావే, వచ్చాక నాకు చెబుదువుగాని."

నా మనసులో ఉన్నదీ అదే. కోటలూ మ్యూజియాలూ ఫొటోల్లో చూడవచ్చు. రుచి ఫొటోలోకి రాదు. కాపురానికి వచ్చిన దగ్గరనుంచీ నేను వండిందే నేను తింటున్నాను. ఇంకొకళ్ళు వండింది, అదీ నాకు పేరైనా తెలియనిది, వాళ్ళ పక్కన కూర్చుని వేడివేడిగా తినాలి. ఆ ప్రయాణంలో నేను కోరుకున్నది అంతే.

ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన వసతి ఒక పాత భవనంలో. అంతస్తుకొక గదుల వరస, చివర అందరికీ కలిపి ఒక వంటగది. అందులో పొడుగాటి బల్ల, దాని మీద గళ్ళ రబ్బరుగుడ్డ, ఊగకుండా ఒక కాలి కింద మడిచి పెట్టిన అట్టముక్క. మా అంతస్తులో ఉన్నవాళ్ళెవరూ ఆ దేశంవాళ్ళు కారు. మాలాగే పని కోసం ఒక్కొక్కళ్ళు ఒక్కో దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఎదురుగదిలో ఉండేది ఫ్యాక్టరీ యూనిఫారాలు కుట్టే ఆవిడ. పక్కగదిలో ఆస్పత్రి నర్సు. చివరి గదిలో బస్సు నడిపే ఆయన, ఆయన భార్య. వాళ్ళ పేర్లు నాకు నోరు తిరగలేదు, నా పేరు వాళ్ళకూ తిరగలేదు. అందుకని దర్జీ అక్క, నర్సమ్మ, బస్సాయన అని నేనే పెట్టుకున్నాను. వాళ్ళు నాకేం పేరు పెట్టుకున్నారో చాలాకాలం తెలియలేదు.

దిగిన రోజు సాయంత్రం మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్తే దర్జీ అక్క పిండి పిసుకుతోంది. ఉండని పల్చగా నొక్కి, మధ్యలో ఏదో కూరి, అంచులు మడవడం మొదలుపెట్టింది. చీరకు కుచ్చిళ్ళు పెట్టినట్టే. బొటనవేలు ముందుకు వెళ్తే చూపుడువేలు వెనక్కి లాగుతోంది. నీళ్ళ సంగతి మరిచిపోయి నిలబడిపోయాను. ఆవిడ తలెత్తి చూసి, నవ్వి, ఇంకొకటి తీసుకుని నాకోసం నెమ్మదిగా చేసి చూపించింది. ఈసారి నేనూ గాలిలో వేళ్ళు ఆడించాను. ఆవిడ ఏదో అంది. అప్పటికి నాకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మా ఆయనకు కంపెనీవాళ్ళు నేర్పించారు కాబట్టి ఆయన్ను కేకేశాను.

ఆవిడ మాట్లాడింది. ఈయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల పక్కకు వాల్చి, ఎంతో వినయంగా జవాబు చెప్పారు. వెంటనే ఆవిడ నవ్వు ఆగిపోయింది. పిండి చెయ్యి తుడుచుకుని వచ్చి నా చెంప నిమిరింది.

ఏమందని అడిగితే, ఆదివారం మధ్యాహ్నం అందరూ ఎవరి వంట వాళ్ళు చేసి ఈ బల్ల దగ్గర కలిసి తింటారని చెప్పారు. మరి మనమో అన్నాను. చూద్దాంలే అన్నారు. మా ఇంట్లో 'చూద్దాం' అన్నవన్నీ ఆ ఊడ్చే యంత్రం పక్కనే ఉన్నాయి.

ఆదివారం వచ్చింది. వసారా పొడుగునా వాసనలు. వెన్నలో వెల్లుల్లి, అడుగంటీ అంటకుండా వేగిన ఉల్లిపాయ, పొగచూరిన పులుపేదో. నేను మంచి చీర కట్టుకుని కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. దర్జీ అక్క చేతిలో మూతపెట్టిన గిన్నె, కళ్ళలో బోలెడంత జాలి. గిన్నె నా చేతిలో పెట్టి, భుజం తట్టి, వెళ్ళిపోయింది. తీసి చూస్తే, మెత్తగా ఉడికించి మెదిపిన దుంపలు. ఉప్పు లేదు, నూనె లేదు, కనీసం రంగైనా లేదు.

ఆ ఆదివారమే కాదు, ప్రతి ఆదివారం అదే వరస. వాసన ఒక ఇంటిది, గిన్నె ఇంకో ఇంటిది. దుంపలు కాకపోతే గంజి, గంజి కాకపోతే ఉడికించిన ఆనపకాయ లాంటి కాయ. అక్కడి తిండి ఎలా ఉందని చెల్లెలు అడిగితే, ఎప్పుడైనా ఆస్పత్రిలో పడుకున్నావా అని అడిగాను.

తిండి అలా ఉంటే, మనుషుల తీరు ఇంకా అంతుపట్టలేదు. నేను వంటగదిలోకి వస్తే చాలు, దర్జీ అక్క పొయ్యి మీది మూకుడు, చిన్న కరెంటు స్టవ్వు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసుకునేది. ఆ చలిలో కోటు వేసుకుని, ముక్కు ఎర్రబడేలా నిలబడి వేయించుకునేది. నా దిష్టి తగులుతుందనుకుంటోందేమో అనిపించి మనసు చివుక్కుమంది. నేను ఎండుమిర్చి వేసి తిరగమోత పెడితే నర్సమ్మ దగ్గుకుంటూ వచ్చి, వేలు చూపించి కోప్పడి, స్టవ్వు కట్టేసింది. మన ఘాటు వీళ్ళకు పడదు కాబోలని ఆ తరవాత కిటికీ తెరిచి, దొంగతనంగా పోపు పెట్టుకునేదాన్ని. ఆవిడ బాల్కనీలో, నేను కిటికీ దగ్గర. మధ్యలో బల్ల ఖాళీ.

ఒకరోజు బస్సాయన భార్య సింకు దగ్గర తన పొట్ట తడుముకుని, నా పొట్ట చూపించి, కళ్ళతోనే ఏదో అడిగింది. ఈ వయసులో నాకు కడుపేమిటని పగలబడి నవ్వి, లేదు లేదని చెయ్యి ఊపాను. ఆవిడ నమ్మలేదు. నా చేతిలోని గిన్నెలు లాక్కుని తనే తోమిపెట్టింది. ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన్ను అడిగితే, "లావెక్కావని అడిగుంటుంది" అని కంచంలోకి చూస్తూ అన్నారు.

ఆయన కంచం సంగతి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో అంతా గడ్డి అనేవారు. ఇంటికి వచ్చి నాలుగు మెతుకులు కెలికి చేయి కడుక్కునేవారు. గడ్డి తిన్న మనిషికి అంత నిండుగా ఎలా ఉంటుందో చొక్కాలు చెప్పేవి. ఒకదాని మీద పసుప్పచ్చ నూనె, ఇంకోదాని మీద ఎర్రటి పులుసు చార, జేబులో వేయించిన నువ్వులు. క్యాంటీన్ బల్ల దగ్గర అన్ని దేశాలవాళ్ళూ డబ్బాలు విప్పుకుని తలా కాస్త ఇచ్చిపుచ్చుకుంటారట. ఇచ్చేది ఇచ్చాక ఈయన వద్దంటారా? సబ్బు రుద్దే ముందు ఆ మరకలు వాసన చూసేదాన్ని. ఆ చలికాలం మా ఆయన చొక్కా తిన్నన్ని రకాలు నేను తినలేదు.

నన్నూ ఒకసారి ఆదివారం బల్ల దగ్గరికి తీసుకెళ్ళమని నోరు విడిచి అడిగాను. "వాళ్ళు పిలవందే ఎలా వెళ్తాం, బావుండదు" అన్నారు, కిటికీలోంచి బయటి మంచును ఎంతో శ్రద్ధగా చూస్తూ.

చలి విరుగుతుండగా దర్జీ అక్క పని గడువు అయిపోయింది. వాళ్ళ దేశానికి బయల్దేరుతూ పొద్దున్నే పెట్టె పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది. నీలం యూనిఫారం గుడ్డతో కుట్టిన చిన్న సంచి నా చేతిలో పెట్టింది. లోపల గింజలు గలగలమన్నాయి. దాన్ని నా పొట్టకు ఆనించి చాలాసేపు ఏదో చెప్పింది. అప్పటికి నాకు కూరగాయల పేర్లతోపాటు మరికొన్ని మాటలు వచ్చాయి. 'వెచ్చగా' అన్నది అర్థమైంది, 'నువ్వు' అన్నది అర్థమైంది, చివర 'నేర్పిస్తాను' అంది. మిగతాది జారిపోయింది. సంచి చూస్తే చంటిపిల్లల తలగడలా ఉంది. ఈవిడ ఇంకా ఆ అనుమానంలోనే ఉందనుకుని నవ్వాను. ఆవిడ నన్ను కావలించుకుంటే, దిష్టి సంగతి గుర్తొచ్చి, నా చేతులు అంతగా లేవలేదు. మెట్ల మీద పెట్టె చక్రాల చప్పుడు కింది అంతస్తుదాకా వినిపించింది.

ఆ మధ్యాహ్నం నర్సమ్మ ఆ సంచి చూసి, దాన్ని ఓవెన్‌లో వెచ్చచేసి తెచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పొట్ట మీద పెట్టింది.

"నొప్పి?" అంది.

"నొప్పి లేదు."

"ఇవాళ లేదా?"

"ఎప్పుడూ లేదు."

నర్సమ్మ ఎదురుగా కూర్చుండిపోయింది. చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటే విడదీసి చెప్పింది. నీ భర్త చెప్పాడు, మొదటి రోజే. నీ కడుపులో పుండు. కారం, నూనె, బయటి తిండి తగలకూడదు. డాక్టరు చెప్పాడు.

తరవాత మిగిలినవి ఒకటొకటిగా బయటికి వచ్చాయి. దర్జీ అక్క ఆదివారం తన వంట మొదలుపెట్టే ముందే నాకోసం విడిగా, ఉప్పైనా వెయ్యకుండా ఉడికించేది. వేపుడు వాసనకు నాకు వికారం పుడుతుందని బాల్కనీలోకి పోయేది. నా పేరు వాళ్ళ మధ్య 'పాపం ఆవిడ'. పాపం ఆవిడకు నయం కాగానే ఆ మడతలు నేర్పిస్తాను, ఆవిడ వేళ్ళకు ఆ పని వస్తుంది అని బల్ల దగ్గర అందరితో అంటుండేదట. పొద్దున నా చేతిలోంచి జారిపోయిన మాటలు అవే. నయమయ్యాక రా, నేర్పిస్తాను.

అవి ఇక్కడ ఇంకెవరికైనా చెయ్యడం వచ్చా అని అడిగాను. నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. వేళ్ళతో మడతలు పెట్టబోయి, మధ్యలో వదిలేసింది.

సాయంత్రం మా ఆయన బూట్లు విప్పేదాకా ఆగాను.

"నాకు కడుపులో పుండటగా?"

లేసు చేతిలో పట్టుకునే, "ఏం పెడతారో తెలీదు కదా. మొహం మీద వద్దంటే ఏం బావుంటుంది?" అన్నారు.

"మీ కడుపు అని చెప్పొచ్చుగా."

"మర్నాడు పనిలో చేరాలి. జబ్బు మనిషినంటే పంపించెయ్యరూ?"

"పోనీ తరవాతైనా నిజం చెప్పొచ్చుగా."

"ఇంకోసారి బలవంతం చేస్తారనుకున్నాను. చేస్తే సరే అందామనుకున్నాను. వాళ్ళు నమ్మేశారు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో అవతలివాళ్ళ మీద కాస్త నిష్ఠూరం కూడా ఉంది. "అయినా నేనేం తప్పన్నాను, మర్యాదకి అన్నదేగా."

చొక్కా మార్చుకోమన్నాను. ఆ రోజు మరక మెంతిరంగులో ఉంది.

తరవాతి ఆదివారం, మేం తిరిగి వచ్చెయ్యబోయే ముందటి ఆదివారం, నేను చారు కాచాను. ఎండుమిర్చి తిరగమోత కిటికీ మూసే పెట్టాను. గిన్నె పట్టుకుని, ఈయన్ను ముందు నడిపించుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. నర్సమ్మ జరిగి చోటిచ్చింది. ఆవిడ వాళ్ళెవరికీ ఏమీ చెప్పలేదని బస్సాయన భార్య కంగారు చూస్తేనే తెలిసింది. నా ముందున్న వేపుడు గిన్నె దూరంగా జరపబోయింది. నేను ఆ గిన్నె పట్టుకుని, కంచంలో నిండా పెట్టుకున్నాను. చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడు బస్సాయన ఫోన్ తీసి ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. అందులో దర్జీ అక్క. వాళ్ళింట్లో, వెనక ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారు. అందరూ ఒక్కసారే పలకరించారు. ఆవిడ వాళ్ళందరినీ దాటి వెతికి, నన్ను చూసి, ఆ భాషలో నాకు బాగా అర్థమయ్యే ప్రశ్నే అడిగింది.

"కడుపు ఎలా ఉంది?"

బల్లంతా మా ఆయన వైపు తిరిగింది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్ళింది, తల పక్కకు వాలింది. కొంచెం నయం అని మొదలుపెట్టారు. నేను నోట్లో ముద్ద పెట్టుకుని నములుతున్నాను. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, కానీ అది ఆవిడ చేసింది కాదు. ఆయన నా కంచం వైపు చూశారు. తరవాత ఖాళీ కుర్చీ వైపు చూశారు. తల నిటారుగా చేసుకుని, ఫోన్‌లోకి వంగి, తనకు వచ్చిన ఆ కాస్త భాషలో తడుముకుంటూ చెప్పారు. మా ఆవిడకు జబ్బేమీ లేదు, ఎప్పుడూ లేదు, మీరు పిలిస్తే వద్దనడం చేతకాక నేనే కల్పించి చెప్పాను.

ఫోన్‌లో దర్జీ అక్క రెండు చేతులూ ఒళ్ళోకి దించుకుని, నన్నే చూస్తోంది.

మా ఆయన నా వైపు తిరిగారు. ఈసారి తెలుగులో, అందరికీ వినిపించేంత గట్టిగా అన్నారు.

"తప్పు నాదే."