పొర కింద వెంట్రుక

భార్య తల దువ్వడం అయిపోయింది, దువ్వెన కడిగి పెడదామని లేచాడతను.

"ఇంకొక్కసారి దువ్వండి, చిక్కు వదల్లేదు," అందామె, మూసిన కళ్లు తెరవకుండానే. చిక్కూ లేదు, పాడూ లేదు. జబ్బు పడ్డాక మిగిలిందే గుప్పెడు తెల్ల జుట్టు. పనికి ఆలస్యమవుతోందని తెలిసీ మళ్లీ మంచం అంచున కూర్చున్నాడు.

"జన్మంతా పెళ్లాం కన్నా ఆ ఫ్యాక్టరీ ప్లాస్టిక్‌నే ఎక్కువ ముద్దు చేశారు."

"అది నీలా సణగదుగా!"

ఆమె నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా వీపు నిమిరి, కాస్త కనిపెట్టుకుని ఉండమని పక్కింటి చెల్లెమ్మకు చెప్పి పరుగెత్తాడు.

ఫ్యాక్టరీలో అతన్ని పొర బాబాయ్ అంటారు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పరిచి, పై అద్దం దించి, అంచులు కోయడం అతని పని. అద్దం పగిలినా ముక్కలు మనిషి మీద రాలకుండా పట్టుకునేది ఆ పొరే. మీసం మొలుస్తుండగా, పొర పాడవకుండా చల్లగా ఉంచే ఆ చలిగదిలో చేరాడు, అది నెరిసినా అక్కడే ఉన్నాడు. పని కుదిరితే ఎవరి కంటా పడదు, చెడితేనే అందరికీ కనపడుతుంది. ఏం పనో, ఏం ఖర్మో!

గదిలోకి వెళ్లేముందు కోటు మీద జిగురు రోలర్ దొర్లించుకోవాలి, దుమ్మూ ధూళీ దానికి అంటుకుపోతాయి. అంత పాతకాపూ ఆ పూట హడావుడిలో అది మరిచిపోయాడు.

పరిచినప్పుడు పొర పాలలా మసకగా ఉంటుంది. ఓవెన్‌లో వేడీ ఒత్తిడీ తగిలాకే తేటపడుతుంది. మధ్యాహ్నం బయటికొచ్చిన మూరెడు అద్దంలో తెల్లటి వెంట్రుక సూపర్‌వైజర్ కంటపడింది.

"ఏంటి బాబాయ్ ఇది? ఇంకొక్కటి పాడైతే ప్యాకింగ్‌కి పంపేస్తానన్నానా లేదా?"

ప్యాకింగ్ అంటే రాత్రి డ్యూటీ.

"ఈ ఒక్కసారికీ వదిలెయ్ నాయనా. రాత్రుళ్లు మీ పిన్నికి నేను తప్ప దిక్కు లేదు."

సూపర్‌వైజర్ తల గోక్కున్నాడు. "సరే, రేపు చూద్దాం. ముందు ఆ అద్దాన్ని తుక్కులో పడెయ్."

అప్పుడే ఫోన్ మోగింది. "అన్నయ్యగారూ, ఒకసారి రండి," అంటూనే పక్కింటి చెల్లెమ్మ ఏడ్చేసింది. ఫోన్ జేబులో వేసుకున్నాడతను. ఆ అద్దాన్ని చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. సూపర్‌వైజర్ పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

అంతా అయి, వచ్చినవాళ్లు వెళ్లాక మళ్లీ పనికి వెళ్లాడు.

"నువ్వు చలిగదిలోనే ఉండు బాబాయ్, పైవాళ్లకి నేను చెప్పుకుంటా," అన్నాడు సూపర్‌వైజర్, అతని మొహంలోకి చూడలేక.

"వద్దు నాయనా, ప్యాకింగ్‌కే వెయ్యి. రాత్రుళ్లు ఆ ఇంట్లో ఉండలేను."

ఆ సాయంత్రం తాళం వేసుకుని డ్యూటీకి బయలుదేరాడు. లోపల కిటికీ గూట్లో, దువ్వెన పక్కన, గోడకు ఆనించిన మూరెడు అద్దం. అందులో తెల్లటి వెంట్రుక ఒకటి, కొసన కాస్త వంకర తిరిగి.