లెగియెం వీపులో ఈల

"చెయ్యి వెనక్కి పెట్టి, వెన్ను మీద పైనుంచి కిందికి రాసి చూడండి. గుబ్బలు తగులుతున్నాయా? వాటిలో ఒకటి లేకుండానే పుట్టిన మనిషి ఎలా ఉంటుందో చెప్పండి చూద్దాం?"

"వంకరగా, అమ్మమ్మా," అన్నాడు పెద్దవాడు.

"రెండు ముక్కలుగా," అంది చిన్నది లింతాంగ్, అన్న వీపు మీద వేళ్లాడించిన కితకితలకి మెలికలు తిరిగిపోతూ.

కాదర్రా, నిటారుగానే ఉంటుంది, మన లెగియెంలాగ. వెన్నుపూసకి వెనకవైపు చిన్న కమాను ఉంటుంది. ఎముక అటునుంచి కొంత, ఇటునుంచి కొంత పెరిగొచ్చి నడిమధ్యన కలుసుకుంటుంది, దణ్ణం పెట్టిన చేతుల్లాగ. లెగియెంకి నడుం దగ్గర ఒక పూసలో ఆ చేతులు కలవలేదు. పైన చర్మం మామూలే. చిన్న సొట్ట, దాని మీద నాలుగు వెంట్రుకలు. వాన వచ్చేముందు ఆ సొట్టలోంచి సన్నగా ఈల వచ్చేది.

మన జావాలోనే, సోలో పట్నానికి దక్షిణాన ఉన్న వాళ్ల పల్లెలో ఇంటింటా పసుపు, అల్లం, కచ్చూరం ముక్కలు కోసి చాపల మీద ఎండబెట్టేవాళ్లు. ఈల వినపడగానే "లెగీ వీపు కూసింది, చాపలెత్తండి!" అని కేకలేసుకునేవాళ్లు. అంతకుమించి దాన్ని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కారు.

లెగియెం, వాళ్లక్క సుగినా తెల్లారకముందే లేచి జమూ కషాయాలు కాచి, సీసాల్లో నింపి, బుట్ట వీపున కట్టుకుని పట్నంలో ఎవరి వీధులకి వాళ్లు అమ్ముకోడానికి వెళ్లేవాళ్లు. బుట్ట మొయ్యాలంటే ముందు నడికట్టు బిగించాలి. అది బారలకొద్దీ పొడుగు. ఒకరు కొస పట్టుకుంటే, రెండోవాళ్లు గిర్రున తిరుగుతూ నడుముకి చుట్టుకుంటూ దగ్గరికి రావాలి. తల్లి పోయినప్పటినుంచీ లెగియెంకి ఆ కొస పట్టింది సుగినానే. గుడ్డ సొట్ట మీద పడకుండా పైకీ కిందకీ జరుపుతూ చుట్టించేది.

ఒకరోజు లెగియెం బజారు మెట్ల మీద జారిపడింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి నవ్వాడు.

"బెణికింది, అంతే. ఈ పూస వెనక కలవకపోవడం పుట్టుకతో వచ్చింది. చాలామందికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు. నొప్పి తగ్గాక బుట్ట మోసుకో, చెట్టెక్కు, నీ ఇష్టం."

పక్కనే నిలబడి సుగినా అంతా విన్నది.

"నీ నడుం కుదుటపడేదాకా నీ వీధులు నేను చూసుకుంటాలే," అంది. కుదుటపడింది. "ఇంకా కొన్నాళ్లు ఆగు," అంది. ఆ తర్వాత, "నిన్నెవరూ అడగటం లేదే," అంది. లెగియెం ఇంట్లో కూర్చుని అక్కకోసం పసుపు దంచింది.

అక్కకి జ్వరం వచ్చిన రోజున నడికట్టు చేతనైనట్టు చుట్టుకుని, తనే బుట్ట కట్టుకుని తన పాత వీధులకి వెళ్లింది. మొదటి గుమ్మంలోనే హర్తాతమ్మగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు.

"అయ్యో, నువ్వెందుకొచ్చావే తల్లీ! బరువెత్తితే రెండుగా విరిగిపోతావన్నాడటగా డాక్టరు?"

"ఎవరు చెప్పారమ్మగారూ?"

"మీ అక్కే. కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం. వెన్నులో సందున్నవాళ్లు మోస్తే కషాయంలో సత్తువంతా ఆ సందులోంచే కారిపోతుందట కదా. నిజమేనే, నువ్వు పోసినన్నాళ్లూ మా ఆయన మోకాళ్లు ఎప్పుడు తగ్గాయి గనక!"

ఏ గుమ్మానికి వెళ్లినా అదే జాలి. నిండు సీసాలతోనే ఇంటికొచ్చింది.

"ఏమీ కాదన్నాడుగా అక్కా డాక్టరు. నువ్వక్కడే ఉన్నావుగా."

సుగినా దుప్పటి గడ్డందాకా లాక్కుంది. "సందుందన్నాడా లేదా? నేనేమన్నా అబద్ధమాడానా?"

"సగం చెప్పావు."

"నా వీధి మొదట్లో జమూ పొడి పొట్లాలమ్మే కొట్టు పెట్టారు, నా బేరాలన్నీ అటే పోయాయి. నీది ఒక్క కడుపు. నా ఇంట్లో నలుగురం."

"నన్నడిగితే నా వీధులు ఇవ్వనా?"

సుగినా గోడవైపు తిరిగి పడుకుంది. లెగియెంకి అది కూడా అంత నొప్పి అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే అక్క లేచొచ్చి, ఏమీ జరగనట్టు నడికట్టు కొసకోసం చెయ్యి చాపింది చూడండి, అక్కడ విరిగింది మనసు.

కొసని గుంజకి కట్టి, తనే తిరిగి చుట్టుకుంది. బుట్ట ఎత్తుకుని బస్సెక్కి, మన ఊరు సలతిగకి, ఈ కొండమీదికి వచ్చేసింది.

ఇక్కడ ఎవరికీ ఆమె తెలియదు. వీధంతా తిరిగినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అంతలో వీపు కూసింది. ఈలేస్తున్నదెవరా అని ఆడవాళ్లు బయటికొచ్చారు. వెనకాలే వాన! మర్నాటినుంచి ఈల వినపడితే చాలు, అందరూ బట్టలు తీయడానికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు చూరు కింద నిలబడి తలా ఓ గ్లాసు తాగేవాళ్లు. నోరు తెరిచి "జమూ" అని కేకెయ్యాల్సిన పనే లేకపోయింది లెగియెంకి.

అక్కడ పల్లెలో ఈల వినపడక, చాపలన్నీ తడిసి బూజు పట్టాయి. ఒక పొద్దున సుగినా వెతుక్కుంటూ వచ్చింది. లెగియెం గుంజకి నడికట్టు కడుతోంది.

"ఇంటికి రావే లెగీ. పల్లెంతా నన్ను తిట్టిపోస్తున్నారు. ఇటివ్వు, నేను పట్టుకుంటాను."

"ఆ గుంజ నా సంగతి ఎవరి ముందూ ఎత్తలేదక్కా. దాన్ని ఉండనీ."

తిరుగుతూ చుట్టుకుంది, సొట్టని వదిలేసి. తర్వాత ఒక గ్లాసు పసుపు-చింతపండు కషాయం పోసి అక్క చేతికిచ్చింది, వీధిలో అందరికీ పోసినట్టే.

"తాగిందా?" అంది లింతాంగ్.

"తాగింది. తాగుతూ... ష్, ఉండండి. విన్నారా, మలుపులో ఈల? దుప్పట్లన్నీ ఇంకా తీగ మీదే ఉన్నాయి. లే లింతాంగ్, గ్లాసులు పట్టుకురా, నేను దొడ్లోకి పోతున్నా."