పద్మక్క ఒక్కపొద్దు

మా అక్క పద్మ పుట్టు మొండిది. నాకేమో ముక్కు మీద కోపం. మా అమ్మ ఉన్నన్నాళ్లూ మా ఇద్దరి మధ్య పడి నలిగింది పాపం.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు నేను గద్వాల దవాఖానలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ముప్పై ఏళ్లు నర్సుగా తిరిగిన వార్డులోనే రోగిగా పడుకున్నాను. అప్పుడు మా సొంతూరు గట్టులో మా అక్క మొక్కుకుంది. "నా చెల్లె వసంత ఇంటికొస్తే కాలినడకన నీ కొండకొస్త మల్లన్నా" అని. నేను ఇంటికొచ్చాను. మరుసటేడు ఆమె మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చెవులు అంతకుముందే పోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిస్తే గొప్ప. శ్రీశైలం ఎక్కడ నడుస్తుంది?

నా ప్రాణం కోసం మొక్కిన మొక్కు నేను నడవకపోతే ఎవరు నడుస్తారు? ఈ మాఘమాసంలో సంచీ సర్దుకున్నాను.

మా ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఒకరి మొక్కు ఇంకొకరు నడిస్తే, మొక్కినవాళ్లు ఇంటి దగ్గర ఒక్కపొద్దు ఉండాలి. నడిచేవాళ్లు సాయంత్రం మజిలీ చేరారని కబురు అందాకే ఆ ఒక్కపూట అన్నం ముట్టాలి. మా నాయనమ్మ కాలంలో దారిన పోయే బండ్లవాళ్లు ఆ కబురు తెచ్చేవాళ్లట. అంతా బాగానే ఉంది గానీ, మా అక్కకు షుగరు. ఇన్సులిన్ సూది వేసుకునే మనిషి. "నీకు ఒక్కపొద్దు పనికిరాదు" అని పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను.

"నడిచే కాళ్లు నీయి, మొక్కు నాది. నువ్వు జెప్పకు" అంది.

అర్ధగంట అరిచాను. వినపడని మనిషి మీద అరిచి ఏం లాభం? చివరికి పగలు పాలు, పండు తీసుకోవడానికి ఒప్పుకుంది. తినని పూట సూది వేసుకోనని ఒట్టు వేసింది. అన్నం మాత్రం నా కబురు వచ్చాకే. అంటే ఆమె కంచం నా చేతిలో ఉంది. నేను ఆలస్యం చేస్తే ఆమెకు చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి.

ఫోన్ చేద్దామంటే వినపడదు. ఫోన్లో మెసేజ్ పెడదామంటే ఆ చీమల్లాంటి అక్షరాలు కనపడవు. పైగా ఆమెది ఇంకో షరతు. "నీకోసం ఊరంత మొక్కిన్రు. బొంబాయికి పనికిపోయిన మనోళ్లు గూడ టెంకాయలు కొట్టిన్రు. నువ్వు యాడున్నవో అందరికి తెల్వాలె." అలా బ్లాగు అనే మాట మా ఇంట్లోకి వచ్చింది. అక్క పక్కింట్లో ఇష్రత్ ఆన్‌లైన్ సెంటర్ నడుపుతుంది. తన కంప్యూటర్లో అక్షరాలు పెద్దవి చేసి రోజూ చదివిస్తానంది.

అక్క కొడుకు మహిపాల్ హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. వాడు ఊరుకుంటాడా? నా కోసం ఒక వెబ్‌సైటే కట్టాడు. తెరవగానే కొండ బొమ్మ, దాని వెనక ఓంకారం, నేను ఎన్ని అడుగులు వేశానో లెక్క, ఎక్కడున్నానో మ్యాపు.

"చూడు చిన్నమ్మా, పెళ్లిపత్రిక లెక్క చేసిన" అన్నాడు మురిసిపోతూ.

గట్టులో అక్క వాకిట్లోంచే నడక మొదలుపెట్టాను. మొదటి మజిలీ గద్వాలలో మా ఇల్లే కాబట్టి ఎలాగో గడిచింది. రెండో సాయంత్రం బీచుపల్లిలో దాని బండారం బయటపడింది. కృష్ణ ఒడ్డున కూర్చుని ఫోన్ తీశాను. ఫొటో పెట్టనిదే ముందుకు పోనంది. ఫొటో పెడితే ఒక చక్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. గుళ్లో హారతి అయిపోయింది, దీపాలు వెలిగాయి, దారిలో కలిసిన రాయచూరు భక్తులు భోంచేసి చేతులు కడుక్కున్నారు. చక్రం ఆగలేదు. ఇంతలో ఇష్రత్ ఫోన్.

"వసంతమ్మా, యాడున్నవ్? పద్మక్కకు చెమటలు పట్టినయ్, చేతులు వణుకుతున్నయ్. నోట్ల చక్కెర ఏసిన. అన్నం తినమంటే మూతి తిప్పుతున్నది!"

"బీచుపల్లిల ఉన్నా తల్లీ! చేరిన అని కాయితం మీద రాసి చూపియ్యి, తినమను!"

తిన్నది. కానీ నాకు ముద్ద దిగలేదు. ముప్పై ఏళ్లు ఊరందరికీ షుగరు జాగ్రత్తలు చెప్పి, సొంత అక్కను పడగొట్టబోయాను. అది కూడా ఒక కొండ బొమ్మ కోసం!

తెల్లారి పెబ్బేరులో చాయ్ బండి దగ్గర నిలబడి మహిపాల్‌కు ఫోన్ చేశాను.

"ఒరేయ్, నీ పెళ్లిపత్రిక నీ దగ్గరే పెట్టుకో. నాకు ఒంటిచేత్తో రాసేది కావాలె. నిలబడి రాసేది కావాలె. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా పోవాలె. చాయ్ చల్లారేలోపల అక్క ముంగట పడాలె."

"చిన్నమ్మా, గట్లైతే ఇంకో మూడు ఉన్నయ్..."

వనపర్తి పోయే దారి పొడవునా ఆ మూడూ చూశాను. ఒకటి రాసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగింది. ఇంకొకటి మల్లన్న పేరు కింద బట్టతల మందు ప్రకటన వేసింది. మూడోదానికి తెలుగే రాదు. రోడ్డు మీద నిలబడి ఫోన్‌ను తిడుతుంటే జనం నన్ను వింతగా చూశారు. చూడనీ.

దారి చూపింది ఇష్రతే. "వసంతమ్మా, నేను పిల్లలకు ఉద్యోగాల నోటిఫికేషన్లు పెట్టే పేజీ ఉంటది. అది తెరిచేది గూడ లేదు, ఉత్త మెయిల్ రాసి పంపితే అదే పేజీల పడ్తది. తెల్ల కాయితం, నల్ల అక్షరాలు, గంతే. నీకు గూడ గట్లాంటిదే ఒకటి చేసిస్త."

చేసిచ్చింది. మహిపాల్‌కు మనసు చిన్నబోయింది. "అది సున్నం కొట్టిన గోడ లెక్కుంది చిన్నమ్మా."

"గోడే కావాల్రా నాకు. బొగ్గుముక్కతో రాసినా దూరం నుంచి కనపడ్తది."

వనపర్తిలో బస్టాండు ఎదురుగా నిలబడి రాసి పంపాను.

"వనపర్తి చేరిన. కాళ్లు రెండూ ఉన్నయ్. రోడ్డు పక్కన కంకర పోసి మర్చిపోయినోని మొహం మండ. జొన్నరొట్టె, తొక్కు తిన్న. ఇగ నువ్వు తిను."

చాయ్ ఇంకా వేడిగానే ఉంది, ఇష్రత్ దగ్గర నుంచి ఒక్క మాట వచ్చింది: "తిన్నది." ఆ మాటతో ఆ రోజు నడకంతా దిగిపోయింది.

ఆ తర్వాత ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. గోపాల్‌పేట దాటాక చేను గట్టు మీద నిలబడి రాశాను. నాగర్‌కర్నూల్‌లో వేరుశనగ బస్తాల మీద కూర్చుని రాశాను. అచ్చంపేటలో వాన చినుకుల్లో కొంగు కింద ఫోన్ పెట్టుకుని రాశాను. ఉన్నది ఉన్నట్టు, నోటికొచ్చినట్టు. హారన్ మోగించి గుండె ఆగేలా చేసిన లారీవాడిని, మహిపాల్ కొనిచ్చిన బూట్లు కుట్టినవాడిని, చారులో ఉప్పు మరిచిన వంటవాడిని, అందరినీ పేరుపేరునా కడిగేశాను. బొంబాయిలో మావాళ్లు పని దిగాక గుంపుగా కూర్చుని చదువుతున్నారట.

"అందరు నవ్వుతున్నరు చిన్నమ్మా, నాకు సిగ్గయితున్నది. దేవుని నడక కద, జర మర్యాదగ రాయి" అన్నాడు మహిపాల్.

మన్ననూరు చేరిన సాయంత్రం అసలు చిక్కు వచ్చింది. ముందంతా నల్లమల అడవి. మర్నాటి మజిలీ వటవర్లపల్లి. దారిలో ఎక్కడా నా ఫోన్ పలకదని, అక్కడికి చేరినా పలుకుతుందన్న నమ్మకం లేదని ఊళ్లోవాళ్లు చెప్పారు.

మహిపాల్ ఉపాయం చెప్పాడు. "రేపటిది ఇప్పుడే రాసిపెట్టు చిన్నమ్మా. సాయంత్రం ఆరు కొట్టంగనే దానంతట అదే పేజీల పడేతట్టు నేను పెడ్త."

"నడవని నడకను రాసుడేందిరా?"

"ఎట్లయినా చేరుతవ్ కద. మరి అమ్మ తినాలె కద?"

ఆ చివరి మాటకు కళ్ల ముందు బీచుపల్లి రాత్రి మెదిలింది. రాయడానికి కూర్చున్నాను. రేపటి సంగతి కదా, ఏం రాయాలో తోచలేదు. వాడన్నట్టే మర్యాదగా రాశాను.

"మల్లన్న దయవల్ల వటవర్లపల్లి చేరాను. అడవి ఎంతో ప్రశాంతంగా ఉంది. పాదాలు క్షేమం. సంతోషంగా భోజనం చెయ్యి."

మర్నాడు మధ్యాహ్నానికే నా మడమ బొబ్బ చితికిపోయింది. బూటు విప్పితే మేజోడు నెత్తురుతో అతుక్కుపోయి ఉంది. కట్టు కట్టుకుని కుంటుకుంటూ ఇంకొంత దూరం నడిచాను. మూడింటికి ఇక అడుగు పడలేదు. రోడ్డు పక్కన కూలబడితే, చెంచులు పెంట అని పిలుచుకునే గూడెం నుంచి ఒకామె వచ్చి చెయ్యి అందించింది. పేరు చెంచులక్ష్మి. ఆమె, ఆమె భర్త దాసు ఇద్దరూ అడవిలో కాపలా పని చేస్తారట. తన గుడిసె ముందు మంచం వేసి, చెంబుతో నీళ్లిచ్చింది.

కాసేపటికి అటుగా ఒక జీపు వచ్చింది. డ్రైవర్ నా కాలు చూసి, "వటవర్లపల్లిల దించుతా రామ్మా, చీకటి పడకముందే పోతం" అన్నాడు.

ఎక్కితే చాలు. ఆరు గంటలకు నేను నిజంగా వటవర్లపల్లిలోనే ఉంటాను. నా రాత నిజమైపోతుంది. ఎవరికీ తెలియదు. ఒక చెయ్యి జీపు మీద వేశాను కూడా.

"వద్దు నాయనా, నువ్వు పో" అన్నాను. మొక్కు కాలినడకకు. చక్రాల మీద పోయేదానికి అక్క కడుపు మాడ్చుకోవడం ఎందుకు?

జీపు పోయింది. పొద్దు కొండల వెనక్కి వాలింది. ఆరయింది. గట్టులో ఇప్పుడు ఇష్రత్ పేజీ తెరిచి ఉంటుంది. అక్క కళ్లజోడు సర్దుకుని చదివి, చెల్లె చేరిందని దండం పెట్టుకుని కంచం ముందు కూర్చుంటుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"కాలు నొస్తున్నదా అక్కా?" అంది చెంచులక్ష్మి.

"కాలు కాదు. మా అక్క నా మాట నమ్మి తింటున్నది. నేను చేరిన అని అబద్ధం రాసిన." మొత్తం కథ చెప్పాను.

ఆమె పొయ్యి ఎగదోస్తూ విన్నది. "తప్పు రాసినవ్, ఇంకోటి రాయరాదు? పొద్దుగాల దాసు మంచె కాడికి పోతడు. ఆ మంచె ఎక్కితే ఫోన్ పలుకుతది. నీ కాలుకు చాతనైతే మేం ఎక్కిస్తం."

"చాతకాకపోయినా ఎక్కుత" అన్నాను.

తెల్లవారగానే బయలుదేరాం. బూట్లు సంచిలో కుక్కి, మడమకు మందపాటి కట్టు కట్టి, చెంచులక్ష్మి భుజం పట్టుకుని నడిచాను. మంచె మెట్లు కర్రవి, నిట్టనిలువు. ఒక్కో మెట్టుకూ బొబ్బ మంట నెత్తికెక్కింది. పైన ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఒక్క గీత కనపడింది.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. అక్క ఒక్కపొద్దు నా వల్ల చెడింది. ఈ నిజం చదివితే ఆ మొండిది ప్రాయశ్చిత్తమని రెండు రోజులు పస్తుంటే? చెప్పకపోతే తెలియదు కదా? ఛీ, అని నన్ను నేనే తిట్టుకుని రాశాను.

"అక్కా, నిన్న సాయంత్రం వచ్చిన రాత అబద్ధం. మన్ననూరులనే రాసిపెట్టిన. వటవర్లపల్లి నేను చేరలే, మడమ పగిలి చెంచులక్ష్మి ఇంట్ల పండుకున్న. నువ్వు తిన్న ముద్ద పాపం నాది. మొక్కు చెడ్డదంటే చెప్పు, వెనక్కి మన్ననూరు పోయి మళ్ల నడుస్త."

పంపాను. పోయిందో లేదో చూద్దామని పేజీ తెరిచాను. తెల్ల కాగితం, నల్ల అక్షరాలు; చిటికెలో తెరుచుకుంది. కొత్త రాత పైన ఉంది. దాని కింద నిన్నటి అబద్ధం. ఆ అబద్ధం కింద, ఇన్ని రోజుల్లో ఎప్పుడూ లేనిది, ఒక జవాబు ఉంది. నిన్న సాయంత్రం ఆరున్నరకు రాసింది.

"వసంతా, ఇది నువ్వు నడిచి రాసింది కాదు. ఇన్ని దినాలల్ల నువ్వు ఎవర్నీ తిట్టని దినం ఒక్కటి లేదు. నీకు ఏమైందో ఏమో. సూది ఏసుకోలే, పాలు తాగి కూసున్న. నీ తిట్టు వచ్చినంకనే తింట. పద్మ."

మంచె మీద కూలబడి బావురుమన్నాను. దాసు కింద నుంచి ఏమైందని కేకేశాడు. రాత్రంతా! నా తిట్టు కోసం రాత్రంతా కూర్చుంది!

కళ్లు తుడుచుకున్నాను. ఏడుపు వెనకే కోపం తన్నుకొచ్చింది. మళ్లీ ఫోన్ తీసి, పైకే తిడుతూ రాశాను.

"ఓసి మొండిదానా, నీ పంతంల మన్ను పొయ్య! షుగరు మనిషివి, రాత్రంత ఉత్త పాల మీద ఉంటవా? నువ్వు పోతే నేను ఎవరి మొక్కు నడవాలె? ముందుగాల తిను. నువ్వు తిన్నవని తెలిసేదాక ఈ మంచె దిగ."

"ఎవర్ని గంత తిడుతున్నవక్కా?" అంది వెనకే మంచె ఎక్కొచ్చిన చెంచులక్ష్మి.

"మా అక్కను."

ఒక్క గీత సిగ్నల్ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎండ మంచె మీదికి ఎక్కింది. చాలాసేపటికి ఇష్రత్ మాట పడింది.

"నవ్వుకుంట తింటున్నది వసంతమ్మా. రెండు రొట్టెలైనయ్. మొక్కు చెడలే, వెనక్కి పోవద్దట. నిన్న ఆగిన జాగ నుంచే నడువుమంటున్నది."

మంచె దిగాను. నిన్న కూలబడ్డ చోటు దాకా కుంటుకుంటూ పోయి, అక్కడ నుంచి వటవర్లపల్లి వైపు మొదటి అడుగు వేశాను.