భూపాలపల్లికి రాని రైలు

జనగామ బస్టాండు ఎదుటి మందుల షాపులో మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే తనూజ ఫోన్ తెరిచింది. తెరిచి, చూసి, కొయ్యబారిపోయింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఆమెకో పేజీ ఉంది. కొత్తగా వచ్చిన ప్రేమ నవలలు చదివి, పాఠకులు ఏ పుస్తకానికి ఎన్ని స్టార్లు ఇచ్చారో చూసి, మంచివి చెబుతుంది. నవల అడిగినవాళ్లకు ఒకటే షరతు. "మీ మనసును తాకిన నాలుగు మాటలు పంపండి. మీ రుచి తెలిస్తే పుస్తకం చెప్తా."

కురవికి చెందిన ప్రియదర్శిని అనే అమ్మాయి పంపిన మాటలివి: 'గూడ్సు బండి పోతుంటే భూపాలపల్లిలో మా ఇల్లంతా వణుకుతుంది. ఆ వణుకు ఆగేదాకా నీ పేరే జపిస్తాను.'

కింద ఇంకా ఉంది. "మా మిథున్ రాసిండక్కా. గిసొంటి హీరో ఉన్న నవల చెప్పు, రైల్ల చదువుకుంట. మానుకోట స్టేషన్ల ఉన్న. ఇంట్ల చెప్పకుంట పోతున్న, నా పెండ్లికే!"

ఆ వాక్యాలు తనూజకు కంఠతా వచ్చు. పోయిన నెల అయిదు స్టార్లిచ్చి అందరి చేతా చదివించిన 'పందొమ్మిదో గేటు' నవలలోవి. అందులో హీరో ఇల్లు రైలు పట్టాల పక్కన. దొంగిలించినవాడు ఊరి పేరొక్కటే మార్చాడు. భూపాలపల్లికి రైలే లేదని వాడికి తెలియదు. అంటే వాడిది ఆ ఊరే కాదు.

వెంటనే కాల్ చేసింది.

"చెల్లె, నేను తనూజను. రైలెక్కకు!"

"అక్కా, నువ్వేనా? ఏమైంది?"

"భూపాలపల్లిల రైలు ఏడున్నది?"

అవతల చిన్న తడబాటు. "గది... కవిత్వమక్కా. పట్టి పట్టి చూస్తరా?"

"కాపీ కొట్టిండే! నేను చెప్పిన నవలల ఉన్నది గది."

"ఉంటే ఏంది? నవలలు చదివే మొగోడు దొరుకుడే గగనం. నీకు దొరకలేదని కుళ్లా?"

తనూజ ముఖం జేవురించింది. ఫోన్‌లో బండి వస్తోందన్న ప్రకటన వినబడుతోంది. కోపానికిది సమయం కాదు.

"సరే, కుళ్లే అనుకో. జర ఒక్క మాట విను. నువ్వు ఎక్కే ముందట వాడేం రాస్తడో చెప్త. 'ఇక ఫోన్ ఆపెయ్. ఈ లోకానికి నువ్వు దొరకొద్దు. నాకొక్కడికే దొరకాలి.' నవలల గది చదివి మేమందరం మురిసినం. ఇయ్యాల నువ్వు ఫోన్ ఆపితే నిన్నెవ్వరు ఎతుకలేరు."

"ఏంది బేటీ, పరేషాన్‌గున్నవ్?" షాపు యజమాని అబ్దుల్ గనీ లోపలి నుంచి వచ్చాడు. తనూజ చెయ్యెత్తి ఆగమంది.

బండి చప్పుడు దగ్గరైంది. దాని మధ్యలో మెసేజ్ వచ్చిన చిన్న మోత. ఆ తర్వాత కాల్ తెగిపోయింది.

మళ్లీ చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. లేదు. పిల్ల వాడి మాటే విన్నదా?

ఈసారి మోగింది.

"అక్షరం పొల్లుపోలేదక్కా." ప్రియదర్శినే.

"నువ్వేడున్నవ్?"

"బెంచి మీద. బండి పోయింది."

తనూజ కౌంటర్ పట్టుకుని ఊపిరి వదిలింది. "వాడేడ ఉంటనన్నడు?"

"మీ జనగామ స్టేషన్లనే." ఏడుపు ఆపుకుంటూ చెప్పింది ప్రియదర్శిని. "ఎక్కిన, ఫోన్ ఆపుతున్న అని వానికి రాసిన. బండొచ్చేదాంక ఆడనే ఉంటడు. వీడియో కాల్‌ల తీసిన ఫొటో పంపుతున్న. పోలీసోళ్లను తోలుకపో."

"భయమైతలేదా?"

"అయితున్నది. అయినా నా లెక్క నమ్మినోళ్లు ఇంకెందరున్నరో గద."

ఫొటో వచ్చింది. చక్కగా దువ్విన తల, మెత్తటి నవ్వు. తనూజ భుజం మీదుగా వంగి చూసిన గనీ అద్దాలు సవరించుకున్నాడు.

"వీడా? పొద్దుగాల్నే, నువ్వు రాకముందే వచ్చిండు. నిద్రగోలీలు కావాలన్నడు. డాక్టర్ చీటీ లేకుంట ఇయ్యనంటే నన్ను తిట్టి, పక్క షాపుకు పోయిండు."

తనూజ మళ్లీ ఆ ఫొటో వైపే చూసింది.

గనీ అప్పటికే షట్టర్ సగం దించాడు. "ఏం చూస్తున్నవ్ బేటీ? నా స్కూటర్ ఎక్కు. ముందుగాల ఠాణాకు, ఆన్నుంచి స్టేషన్‌కు."