పల్లంతో కొండెక్కిన రోజు

పొద్దున్నే షాపు తెరవగానే కళ్ళజోళ్ళక్క చేసే మొదటి పని అద్దాల అల్మారాలు మెత్తటి గుడ్డతో తుడవడం. రెండోది తమ్ముడి కుర్చీ కిటికీ పక్కకి జరపడం. ఊపిరితిత్తులు పాడైనవాడికి దుమ్ము తగలకూడదు, గాలి తగలాలి. వాడు అక్కడ కూర్చుని ఫ్రేములకి ఆవగింజంత స్క్రూలు బిగించేవాడు. చదునైన నేల మీద మెల్లగా నడవగలడు గానీ, కాస్త ఎత్తు ఎక్కితే చాలు, పెదాలు నీలంగా మారేవి. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచి వాడికి అన్నీ ఆవిడే. ఎవరైనా ఆవిడ దగ్గర పెళ్ళి మాట ఎత్తితే, "మరి వాణ్ణెవరు చూస్తారు?" అనేది. ఆ మాట అనడం ఆవిడకి ఇష్టం కూడా.

కొండమీద ఊపిరితిత్తుల ఆసుపత్రికి కొత్త వార్డు కావాలి. చందాల కోసం రేవు నుంచి ఆసుపత్రి గేటు దాకా ఒక రోజంతా నడుద్దాం అన్న ఆలోచన కళ్ళజోళ్ళక్కదే. స్నేహితురాళ్ళిద్దరూ సరేనన్నారు. ఒకావిడ సిటీ బస్సు నడిపే డ్రైవరమ్మ. "ఇన్నేళ్ళూ కూర్చునే ఊరంతా తిరిగాను, ఒక్కసారి కాళ్ళతో కూడా చూస్తానే" అంది. రెండో ఆమె వీధి చివర బేకరీలో కేకుల మీద క్రీముతో పువ్వులు వేసే పల్లం.

పల్లం అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఆమె ఎటు నడిస్తే అటు దారి కిందికి వాలేది. అడుగులు నేర్చిన నాటి నుంచీ అంతే. వెళ్ళేటప్పుడూ పల్లమే, అదే దారిన తిరిగొచ్చేటప్పుడూ పల్లమే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నవాళ్ళకి కూడా ఆ వాలు దొరికేది. వీధిలో ఎవరైనా ఇల్లు మారితే ఆమెని పిలిచి బీరువా ముందు నడిపించేవాళ్ళు. బీరువా బుద్ధిగా వెనకాలే జారుకుంటూ వచ్చేది. "పల్లం వస్తోంది, బంతి పట్టుకోండి" అని తల్లులు పిల్లల్ని కేకేసేవాళ్ళు. అంతకుమించి ఆ సంగతి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కారు.

రోజూ తెల్లవారుతుండగా ముగ్గురూ రైలు పట్టాల మీది వంతెన దగ్గర కలిసేవాళ్ళు. ఎత్తు అలవాటవ్వాలని వంతెన ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కళ్ళజోళ్ళక్కకి మడమల మీద బొబ్బలు లేచాయి. పిక్కలు రాళ్ళయ్యాయి. డ్రైవరమ్మ సగం దాకా ఎక్కి, "ఇంక నా బండి కదలదు" అని పల్లం చెయ్యి పట్టేసుకునేది. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ ఎత్తు మీదికి దిగిపోయేవాళ్ళు.

"నువ్వూ రా అక్కా, పక్కన చోటుంది" అనేది పల్లం.

"నాకు అరువు పల్లం అక్కర్లేదు" అని కళ్ళజోళ్ళక్క వంతెన అవతలి అంచుకి పోయి నడిచేది.

ఒంటి నొప్పులు ఓర్చుకుంది. ఓర్చుకోలేనివి వేరే ఉన్నాయి. చందా అడగడానికి ఎవరింటికి వెళ్ళినా, "పల్లం కూడా నడుస్తోందా? అయితే ఇస్తాం" అనేవాళ్ళు. గోడల మీద అంటించిన పోస్టర్లో పల్లం ముందు నవ్వుతోంది, డ్రైవరమ్మ పక్కన చెయ్యి ఊపుతోంది, వాళ్ళ వెనక కళ్ళజోళ్ళక్క భుజమూ ఒక చెవీ ఉన్నాయి. "చెవి బాగా పడిందే" అంది డ్రైవరమ్మ ఓదార్పుగా. ఆ పూటంతా కళ్ళజోళ్ళక్క ఆవిడతో మాట్లాడలేదు.

అన్నిటికంటే మండేది ఇంకొకటుంది. పల్లం కళ్ళజోడు కాడ వారం వారం వదులయ్యేది. బేకరీ మూయగానే షాపుకొచ్చేది. తమ్ముడు ఆ కాడని పట్టుకుని, అంత చిన్న స్క్రూకి అంతంత సేపు తీసుకునేవాడు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. అక్క ఎన్ని అడిగినా ఊఁ, ఆఁ తప్ప అననివాడు అలా పళ్ళు కనిపించేలా నవ్వుతుంటే, కౌంటరు వెనక ఆవిడకి ఒళ్ళు కుతకుతలాడిపోయేది.

"ఇటివ్వు, నేను బిగిస్తాను. మళ్ళీ ఏడాది దాకా ఊడదు" అంది ఒకరోజు.

"వద్దులే అక్కా. వీడి చేతికి అలవాటైపోయింది" అంది పల్లం. వీడట! ఆవిడ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

నడక రోజు రేవులో జనం బాగానే పోగయ్యారు. కళ్ళజోళ్ళక్క ఒక ఏర్పాటు చేసుకుంది. తమ్ముడు కొండ కింద చక్రాల కుర్చీలో ఎదురుచూస్తాడు. చివరి ఎత్తంతా తను ఒక్కతే వాణ్ణి తోసుకుంటూ ఎక్కి, ఆసుపత్రి గేటు దాటిస్తుంది. ఎవరు ఎవరి కోసం నడిచారో అప్పుడు అందరూ చూస్తారు. ఈ మాట ఆవిడ పైకి అనలేదు గానీ, పొద్దుటి నుంచీ ఆ బలంతోనే నడిచింది. గోదాములు, కర్రల అడితి, ఫ్యాక్టరీ గోడ, చెట్లు లేని పొడుగాటి రోడ్డు, అన్నీ పళ్ళు బిగించి దాటింది.

మధ్యాహ్నం ఒక పెట్రోలు బంకు నీడలో ఆగారు. పల్లం చీర కాస్త పైకి తీసి మోకాళ్ళకి చుట్టిన పట్టీలు విప్పింది. రెండు మోకాళ్ళూ ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"ఇదేమిటే?" అంది డ్రైవరమ్మ కంగారుగా.

"ఎప్పుడూ దిగుతూనే ఉంటే మోకాళ్ళు అంతే మరి" అంది పల్లం మామూలుగా. "ఎక్కడం ఎలా ఉంటుందో నాకు తెలీదు. మీరు ఆయాసపడుతుంటే చూడ్డానికి బాగుంటుంది."

బంకులో పనిచేసేవాళ్ళు ఐసు తెచ్చారు. ఎవరో కుర్చీ తెచ్చారు. కళ్ళజోళ్ళక్క మడమల నుంచి రక్తం మేజోళ్ళలోకి ఇంకుతోంది, అది ఎవరికీ కనిపించలేదు. ఆవిడకి జాలి కలగలేదు. దీనికి నొప్పి కూడా నలుగురూ చూసేలా వచ్చింది కదా అనుకుంది.

సాయంత్రానికి కొండ కిందికి చేరారు. తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డ్రైవరమ్మ సాయం పట్టబోతే కళ్ళజోళ్ళక్క మోచేత్తో తోసేసింది. తోయడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాకా బాగానే సాగింది. రెండో మలుపులో చక్రాలు బరువెక్కాయి. దారి పక్కన నిలబడ్డ జనం చప్పట్లు కొడుతున్నారు.

"అక్కా, దిగి నడుస్తాను."

"నోరు మూసుకుని కూర్చో. నడిచి చస్తావా?"

కుర్చీ ఆగింది. ఆగి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆవిడ మడమలు నేలకి తన్ని పట్టింది. బొబ్బలు చితికిపోయాయి. కుర్చీ ఇంకాస్త జారింది. ముందు వెళ్తున్న పల్లం వెనక్కి తిరిగి గబగబా వచ్చింది. వచ్చి, చెయ్యి చాపితే అందనంత దూరంలో ఆగిపోయింది.

"రానా అక్కా?"

కళ్ళజోళ్ళక్క కుర్చీ పిడులు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎదురుగా తమ్ముడి మెడ కనిపిస్తోంది. వాడు వెనక్కి తిరిగి అక్కని చూడటం లేదు, కేకలూ వేయడం లేదు. పడిపోతే పడిపోదాం అన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పల్లం వైపే చూస్తున్నాడు. వాడికి భయం లేకపోవడం ఆవిడకి అన్నిటికంటే కష్టంగా తోచింది.

"రా" అంది.

పల్లం వాడి పక్కకి వచ్చి, కొండ పైకి తిరిగి ఒక అడుగు వేసింది. కుర్చీ ముందుకి జారింది. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. పాదం కింద పెట్టాడు, రెండోది పెట్టాడు. దారి వాడి ముందు ఒద్దికగా వాలింది. వాడి పెదాలు మామూలు రంగులోనే ఉన్నాయి. పల్లం ఒక చేత్తో వాడి చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాచింది.

"నువ్వు కూడా పట్టుకో, వదినా."

డ్రైవరమ్మ ఠక్కున ఆకాశం వైపు చూడసాగింది. తమ్ముడు తలొంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

కళ్ళజోళ్ళక్క ఆ చేతిని చూసింది. వేళ్ళ సందుల్లో గులాబీరంగు క్రీము ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి.

"నేనెక్కి వస్తాను. వాణ్ణి తీసుకెళ్ళు" అంది.

వాళ్ళిద్దరూ పైకి దిగుతూ వెళ్ళారు. ఆవిడ ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకాల ఎక్కింది. ఖాళీ కుర్చీకి బరువేముంటుంది? అయినా మలుపు మలుపుకీ ఆగాల్సి వచ్చింది. డ్రైవరమ్మ పక్కనే నడిచింది. పల్లంతో పోకుండా ఆ ఎత్తంతా తన కాళ్ళతోనే ఎక్కింది, ఒక్క జోకు కూడా వేయకుండా.

ఆ తర్వాత వాళ్ళ పెళ్ళికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆసుపత్రి దాటాక కొండ మీద ఒక ఇల్లు అద్దెకి దొరికింది. వాడికి అలాంటి గాలి కావాలని డాక్టరు ఏనాడో చెప్పాడు. ఎక్కడం దిగడం కుదరదు గనకే ఇన్నాళ్ళూ ఎవరూ ఆ మాట తలపెట్టలేదు. ఇప్పుడు పల్లంతో పాటు పొద్దున షాపుకొస్తాడు, సాయంత్రం పల్లంతో పాటు ఇంటికెళ్తాడు. చలికాలం దగ్గు కూడా ఈసారి రాలేదు.

ఇల్లు మారిన రోజు కళ్ళజోళ్ళక్క కొత్త వంటింట్లో నిలబడి పల్లానికి చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఎడమవైపు తిరిగి పడుకుంటే వాడికి ఆయాసం వస్తుంది. దుప్పటి ఉన్నిది వద్దు. మందు వేసుకున్నానని అబద్ధమాడేటప్పుడు ముక్కు గోక్కుంటాడు. కోపం వస్తే అన్నం మానేస్తాడు, రెండోసారి పిలిస్తే చాలు వచ్చేస్తాడు. పల్లం ఉబ్బిన మోకాళ్ళు చాపుకుని కూర్చుని, "ఇంకా చెప్పు వదినా" అంటూ అన్నీ శ్రద్ధగా వింది.

అన్నీ చెప్పింది గానీ, వాడికి ఊపిరందక భయమేసినప్పుడు అరికాలి మీద వేలితో గుండ్రంగా రాస్తే నవ్వేస్తాడన్న సంగతి మాత్రం చెప్పలేదు. నోటి దాకా వచ్చింది. అది తన దగ్గరే ఉంచుకుని, చెప్పులేసుకుని, ఒంటరిగా కొండ దిగింది.