వెనకబండి మర్యాద

చీకటి పడితే సావర్‌ఖేడ్ ఊరు మెరిసిపోయేది. కిందటేడు రవాణా ఆఫీసువాళ్లు చెరకుబళ్ల వెనక అంటించమని పంచిన, లైటు పడితే మెరిసే ఎర్ర బిళ్లలు బళ్లకు తప్ప అన్నిటికీ ఎక్కాయి మరి. గుమ్మాలకు, తులసికోటలకు, మారుతి గుడి తలుపులకు, పెళ్లికాని కుర్రాళ్ల సైకిళ్లకు. బీడ్ నుంచి వచ్చే ఎర్రబస్సు లైట్లు పడగానే ఊరు ఊరంతా భగ్గుమనేది. కొత్త డ్రైవరొకడు ఇక్కడేదో పెళ్లి జరుగుతోందనుకుని బస్సాపి, దిగి, భోజనాలెక్కడని అడిగాడట. నమ్మకపోతే ఆ డ్రైవర్నే అడగండి, ఇప్పటికీ ఆ దారినే తిరుగుతున్నాడు.

బళ్లు మాత్రం చీకటిగానే మిగిలాయి. దీపావళి వెళ్లగానే ఊళ్లో సగం జనం చెరకు నరకడానికి కొల్హాపూర్ వైపు వెళతారు. నరికిన చెరకును ఎడ్లబళ్లలో ఫ్యాక్టరీకి తోలతారు. కిందటేడు ఒక మునిమాపువేళ ఆ బళ్ల వరసలో చివరిదాన్ని లారీ వెనకనుంచి గుద్దింది. ఎడ్లు రెండూ అక్కడే చచ్చిపోయాయి. బండి తోలుతున్న కచ్రుకు ఒక కాలు పోయింది.

ఈ ఏడు ఆ బండి తోలవలసింది అతని భార్య గయాబాయి. ఇద్దరు పిల్లలనూ చెరకు మోపుల మీద కూర్చోబెట్టుకుని వెళ్లాలి. తన బండి లారీవాడి కంటికి ఆనాలి, ఆమెకు కావలసింది అదొక్కటే. దానికి అడ్డం ఆమె బావగారు.

బావగారు నివృత్తి ఆ చెరకు ముఠాకు ముకద్దం, అంటే మేస్త్రీ. ఎవరి బండి ఎక్కడ నడవాలో, ఎవరికి పని ఉందో లేదో అంతా ఆయన నోటిమాటే. "బిళ్లలు అంటిస్తే తప్పు మా తమ్ముడిదేనని మనమే ఒప్పుకున్నట్టు. గుద్దినవాడు గుడ్డివాడు. వాడికి కళ్లజోడు పెట్టండి, నా బళ్లకెందుకు?" అని రవాణా ఇన్‌స్పెక్టరు సులభా ఘోర్పడే మొహం మీదే అనేశాడు. బిళ్ల ఉన్న బండి తన వరసలో నడవదనీ తేల్చేశాడు.

ఎడ్లకు చేసే పోలా పండగ ముందు సులభా మళ్లీ వచ్చింది. ఈసారి బిళ్లలతోపాటు వెలుగు పడితే మెరిసే గుడ్డపట్టీలు కూడా తెచ్చింది. గయాబాయి ఆమెను పక్కకు పిలిచి బావగారి సంగతి చెప్పుకుంది. సులభాదీ పోలా చేసుకునే ఊరే. పండగనాడు తోరణం కింద ఎవరి ఎడ్లు ముందు నడవాలన్న తగువులో తలలు పగిలిన ఊళ్లు ఆమెకు తెలుసు. ఆమె తిన్నగా ఊరిపెద్ద పాటిల్ అరుగుమీద కూర్చుని, టీ తాగుతూ, ఈసారి ముందు నడిచే మర్యాద చీకట్లో ఎక్కువ దూరం నుంచి కనబడిన జతకు ఇద్దామా దాదా అని అడిగింది. తరతరాలుగా ఆ మర్యాద పాటిల్ ఎడ్లదే. అవి పాలనురుగులా ఉంటాయి. "నావి బీడ్‌లో నిలబడి చూసినా కనబడతాయమ్మా" అని పాటిల్ నవ్వి ఒప్పుకున్నాడు. తన ఎడ్లు గెలవకపోతాయా అని ముకద్దానికీ ఆశ పుట్టింది.

గయాబాయి పుట్టింటినుంచి ఒక జత అడిగి తెచ్చుకుంది. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. ఒకదాని కొమ్ము ఆకాశాన్ని చూస్తే రెండోదాని కొమ్ము నేలను చూస్తుంది. కచ్రు మెడపట్టెడలకు బిళ్లలు గుచ్చుతుంటే ఆమె వాటి వీపుమీది గుడ్డలకు పట్టీలు కుట్టింది. అటుగా వచ్చిన ముకద్దం ఆగి చూశాడు.

"ఎద్దును పెళ్లికూతుర్ని చేస్తున్నావా, బస్సును చేస్తున్నావా?"

"లారీవాడు దేన్ని చూసి ఆగితే దాన్ని చేస్తున్నా, బావగారూ."

పండగనాడు ఎడ్ల మెడమీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూరన్‌పోళీ బొబ్బట్లు తినిపించారు. చీకటి పడగానే చెరకు లారీ తోలే హసన్‌భాయ్ ఊరి వంతెన అవతలినుంచి నెమ్మదిగా బయలుదేరాడు. పక్కన సులభా కూర్చుంది. జతలు ఒక్కొక్కటే లారీకి వీపుపెట్టి నడవాలి, కనబడినచోట హసన్‌భాయ్ హారన్ కొట్టాలి.

గయాబాయి జతకు లారీ ఇంకా వంతెన ఎక్కకుండానే హారన్ మోగింది. పాటిల్ జతకు వంతెన దిగాక మోగింది. ముకద్దంవి నూనె రాసిన నల్లటి ఎడ్లు. లారీ వస్తోంది, వస్తోంది, హారన్ లేదు. చివరికి సులభా ఆపమని అరిస్తే బ్రేకు పడింది. ముకద్దం ఒక్క గెంతు గెంతాడు. హసన్‌భాయ్ తల బయటపెట్టాడు.

"ఎడ్లేవి పెద్దాయనా? నాకు నీ తెల్లటోపీ ఒక్కటే కనబడింది. గాలికి కొట్టుకుపోతోందనుకున్నా."

ఊరంతా విరగబడి నవ్వింది. ముకద్దం నవ్వలేదు. లారీ ముందుభాగానికీ ఎడ్ల తోకలకూ మధ్య ఉన్న జానెడు సందు చూశాడు. రోడ్డు పక్కన చేతికర్రమీద ఆనుకున్న కచ్రు కూడా అదే చూస్తున్నాడు.

"నీ కళ్లు మంచివేనా?" అన్నాడు ముకద్దం మెల్లగా.

"సూదిలో దారం ఎక్కిస్తా."

ముకద్దం తన ఎడ్లను పక్కకు తోలాడు. తోరణం కింద డప్పులు మోగాయి. పాటిల్ తన చేత్తోనే గయాబాయి ఎడ్లకు బొట్టుపెట్టి ముందుకు పంపాడు. ఎర్రదీ నల్లదీ, ఒక కొమ్ము పైకీ ఒక కొమ్ము కిందకీ, ఊరి వాకిలి దాటాయి. వెనక పాలనురుగు ఎడ్లు బుద్ధిగా నడిచాయి.

తెల్లవారి ముకద్దం కత్తి పట్టుకుని తన గుమ్మానికున్న బిళ్లలు గీకడం మొదలుపెట్టాడు. వాటిని తీసుకెళ్లి తన బండి వెనక అంటించాడు. మధ్యాహ్నానికి ఊళ్లో గుమ్మాలన్నీ బోడివయ్యాయి, బళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఆ రాత్రి ఎర్రబస్సు డ్రైవరు ఊరు కనబడక పక్క తాలూకా దాకా వెళ్లిపోయి వెతుక్కుంటూ తిరిగొచ్చాడట.

చెరకు పని మొదలైంది. ఫ్యాక్టరీ రోడ్డుమీద బళ్లు కదులుతుంటే ఎర్ర దండ సాగినట్టుండేది. ఇప్పుడు తగువు ముందు నడవడానికి కాదు. లారీ వెలుగు పడి మొదట మెరిసేది చివరి బండే కనుక, ఆ మర్యాద కోసం అందరికీ చివరి చోటే కావాలి. ముకద్దం ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. గయాబాయి బండిని వరస మధ్యకు తోయించి, చివర తానే కూర్చున్నాడు.

ఒక మునిమాపువేళ వెనకనుంచి వేగంగా లారీ వచ్చింది. దూరానే నెమ్మదించి, బళ్ల నడకకు దిగి, వెనకే పాకింది. హసన్‌భాయ్ తల బయటపెట్టాడు.

"పెద్దాయనా, బండి కనబడింది. మరి టోపీ ఏది?"

ముకద్దం ఇటు తిరిగాడు. టోపీ నుదుటిమీద ఎర్ర బిళ్ల భగ్గుమంది.

ఆ నవ్వులు వరస పొడుగునా పాకి గయాబాయి బండిదాకా వచ్చాయి. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చెరకు మోపుల మీద పిల్లలిద్దరూ లారీకి చేతులూపుతున్నారు.